ట్రైపాడ్ హెడ్: కొన్నేళ్లు వాడాక నా మాట

ట్రైపాడ్ హెడ్ (స్టాండ్ మీద కెమెరాని పట్టి, తిప్పే భాగం) కొనేటప్పుడు చాలామంది పెట్టె మీద కిలోల అంకె చూసి నిశ్చింతగా ఉంటారు. పది కిలోలు మోసే హెడ్‌కి మన రెండు కిలోల కెమెరా ఒక లెక్కా అనుకుంటారు. నా అనుభవంలో ఆ అంకెతో తేలేది తక్కువ. కెమెరా బరువు ఎంత అన్నదాంతో పాటు, ఆ బరువు హెడ్ నుంచి ఎంత దూరంలో వేలాడుతోంది అన్నది కూడా ముఖ్యం. 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా తీసేది) పెట్టి కిందికి వంచితే ఏ హెడ్ సంగతి ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది.

మొదట చిన్న బాల్ హెడ్ (బంతి లాంటి బాల్ మీద కెమెరా అన్ని దిక్కులా తిరిగే రకం) వాడాను. చెన్నై వేళచ్చేరిలో మా మేడ మీద మల్లెమొగ్గలు తీస్తుంటాను. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పది రెట్లు పెద్దది చేసి మొగ్గ కొనకి ఫోకస్ పెట్టి, నాబ్ బిగించి చెయ్యి తీసేసరికి మొగ్గ తెరలో పైకి జరిగేది. అంటే లెన్స్ ముందుభాగం కిందికి దిగిందన్నమాట. ఎంత దిగుతుందో ఊహించి, ముందే కాస్త పైకి పెట్టి బిగించాల్సి వచ్చేది. అదొక టెన్షన్.

ఇప్పుడు వాడుతున్నదాని బాల్ 44 ఎంఎం. బాల్ పెద్దదైతే పట్టూ ఎక్కువే, తిప్పడమూ నునుపుగా ఉంటుంది. బిగించాక మొగ్గ ఉన్నచోటే ఉంటోంది. ఫ్రిక్షన్ నాబ్ (బాల్ ఎంత బిగువుగా తిరగాలో పెట్టేది) వేరుగా ఉండటం ఇంకా మేలు. మెయిన్ నాబ్ వదిలినా కెమెరా ధబ్బున వాలిపోదు. బరువు మాత్రం ఎక్కువే, రోజంతా భుజాన వేసుకుంటే తెలుస్తుంది. అయినా నాకు ఇదే కావాలి.

గుళ్లూ గోపురాలూ తీసేవాళ్లకి మాత్రం బాల్ హెడ్ చెప్పను. మైలాపూర్ కపాలీశ్వరుడి తూర్పు గోపురం దాదాపు 37 మీటర్లు. అంత ఎత్తుది తీసేటప్పుడు ఎడమ వాలు సరిచేస్తే పైకీ కిందికీ పెట్టింది చెదిరిపోతుంది, ఎందుకంటే బాల్ వదిలితే అన్ని దిక్కులూ ఒకేసారి వదులవుతాయి. అక్కడ త్రీ-వే హెడ్ హాయి, ఒక్కో దిక్కుకీ ఒక్కో పిడి. ఇంకా సూక్ష్మంగా కావాలంటే గేర్డ్ హెడ్, పళ్లచక్రాలతో కొంచెం కొంచెంగా తిప్పేది. మాన్‌ఫ్రోటో 410 మంచిదే, కానీ కిలో పైనే ఉంటుంది. ఇంట్లో వస్తువులు తీసేవాళ్లకి సరే, బస్సెక్కి తిరిగేవాళ్లకి కాదు.

క్లాంప్ (కెమెరా అడుగున బిగించే ప్లేటుని హెడ్ మీద పట్టి ఉంచేది) విషయంలో జాగ్రత్త. ఆర్కా-స్విస్ తరహా ప్లేట్లన్నీ సుమారు 38 ఎంఎం వెడల్పే అయినా, కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా ఉంటుంది. లీవర్ క్లాంప్‌లో నా ప్లేట్లలో ఒకటి వదులుగా కూర్చునేది, ఇంకొకటి ఎక్కేదే కాదు. స్క్రూ క్లాంప్ కాస్త ఆలస్యమైనా ఏ ప్లేటునైనా పట్టేస్తుంది. నిలువు ఫొటోలు ఎక్కువ తీస్తే ఎల్-ప్లేట్ (కెమెరా అడుగునా పక్కనా వచ్చే ఎల్ ఆకారపు ప్లేట్) కొనండి. కెమెరాని పక్కకి వాల్చే పని ఉండదు, బరువు బాల్ మీదే నిలుస్తుంది.

బెసంట్ నగర్ బీచ్‌లో తెల్లవారుజామున తీశాక, ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో హెడ్ తుడిచి ఆరబెడతాను. ఉప్పుగాలి స్క్రూలని తినేస్తుంది. బాల్‌కి నూనె మాత్రం రాయకండి, పట్టు పోతుంది.

కొనే ముందు మీ కెమెరా, మీ దగ్గరున్న అతి బరువైన లెన్స్ దుకాణానికి తీసుకెళ్లి, ముందుకు వంచి బిగించి, తెరలో పెద్దది చేసి చూడండి. జరిగితే వద్దు.

నేలపట్టు గూడబాతులకీ పులికాట్ రాజహంసలకీ పొడవాటి లెన్స్‌తో వెళ్తే బాల్ హెడ్ పక్కన పెట్టి గింబల్ (బరువైన లెన్స్‌ని తూకంగా నిలిపి తేలిగ్గా తిప్పనిచ్చే హెడ్) తీసుకోండి. అయితే లెన్స్‌కి కాలర్ (లెన్స్‌నే హెడ్‌కి బిగించే పట్టీ) ఉందో లేదో ముందే చూసుకోండి. కాలర్ లేకపోతే గింబల్‌లో దాన్ని బ్యాలెన్స్ చేయడం కష్టం.