నీళ్లలో పడ్డ ఫోనులోంచి అమ్మ మాట: జగదీశ్ మార్కెట్‌లో ఒక రిపేరు దుకాణం

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణాలు లెక్కలేనన్ని ఉన్నాయి. నేను వెళ్లిన దానికి బోర్డు కూడా లేదు. మెట్లెక్కి వెళితే ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, రెండు స్టూళ్లు పట్టేంత గది. నడిపే కుర్రాడికి ముప్పై ఏళ్లు దాటి ఉండవు.

నేను కథలు ఫోనులోనే రాస్తాను. మా అమ్మ పోచంపల్లిలో ఆసు పోసిన మనిషి. ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు పేక నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని అది. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడాలి. అమ్మ చెబుతుంటే రికార్డు చేసుకుని, దాన్ని సీరియల్‌గా ప్రతి శుక్రవారం ఒక కథల యాప్‌లో పెడుతున్నాను. పద్నాలుగు భాగాలయ్యాయి. అమ్మ నిరుడు కాలం చేసింది. ఆమె గొంతు ఆ ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్టోరేజీ నిండిపోయిందని రెండు నెలలుగా హెచ్చరిక వస్తూనే ఉంది, నేను పక్కకు తోసేస్తూ వచ్చాను.

మంజీరా నీళ్లు పట్టేటప్పుడు నడుము దగ్గర దోపుకున్న ఫోను డ్రమ్ములో పడింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను. కంపెనీ సర్వీసు సెంటరులో బోర్డు మార్చాలి, డేటా ఉండదు అని ఒక్క ముక్కలో చెప్పి పంపేశారు.

ఈ కుర్రాడు మాత్రం ముందుగా, ఫోనులో ఏముందమ్మా అని అడిగాడు. చెప్పాను. బోర్డు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నాడు. చార్జింగ్ పిన్ను పక్కన, పాత ఇత్తడి చెంబుకు పట్టినట్టు, పచ్చగా చిలుము. "బియ్యం నీళ్లను లాగదమ్మా. ఆ రెండు రోజుల్లో ఈ చిలుము పెరిగింది" అన్నాడు. నన్ను తప్పుపట్టే గొంతు కాదు. "ఇప్పటి ఫోన్లలో మెమరీకి వేసిన తాళం ఈ ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది. చిప్పు ఊడదీసి వేరే బోర్డుకు పెట్టినా చదవలేం. ఈ బోర్డునే బతికించాలి. ఒక్కసారి బతికితే చాలు." డేటా వస్తే 2,200 రూపాయలు, రాకపోతే 300 అన్నాడు.

మూడు రోజులన్నవాడు పదకొండు రోజులు తీసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు. నాకు బాగా కోపం వచ్చిన సంగతి ఇదే. వస్తువు అప్పగించిన మనిషికి ఆలస్యమవుతుందని ఒక్క మాట చెప్పాలి.

రెండు శుక్రవారాలు ఖాళీగా పోయాయి. పదిహేనో భాగాన్ని నోటుబుక్కులో మొదలుపెట్టి మూడు పేజీల దగ్గర ఆగిపోయాను. ఆసు పోసిన రాత్రి భుజం ఎలా ఉండేదో అమ్మ ఒక మాట చెప్పింది. భావం గుర్తుంది, మాట గుర్తుకు రాలేదు. భావం రాస్తే అది నా వాక్యమవుతుంది గానీ అమ్మది కాదు. పెన్ను మూసి కూర్చున్నాను.

పన్నెండో రోజు నేనే వెళ్లాను. ఆల్కహాలుతో బోర్డు కడిగి, షార్టయిన చిన్న భాగమొకటి మార్చి, కొత్త బ్యాటరీ పెట్టాడు. పాత తెర పనిచేయడం లేదని అదే మోడలు తెర ఒకటి తాత్కాలికంగా తగిలించాడు. పిన్ నంబరు కొట్టమని ఫోను నా చేతికిచ్చి ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ మర్యాద నేను మరిచిపోను. తెరుచుకోగానే రికార్డింగులు వెతికి ఒకటి మోగించాను.

"రాత్రి పడుకుంటే భుజంలో ఎవరో ఇంకా నూలు చుడుతున్నట్టే ఉండేది బిడ్డా."

అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. అతను ఫ్యాను ఆపి, తలుపు దగ్గరున్న ఇంకో కస్టమరును కాసేపు ఆగమన్నాడు. తర్వాత 41 రికార్డింగులనూ, రాసిపెట్టుకున్నవన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, నా ముందే తెరిచి చూపించాకే డబ్బు తీసుకున్నాడు.

వెళ్లేవాళ్లు చార్జింగుకు పెట్టి చూడకుండా, స్విచ్ నొక్కకుండా, తడిసిన రోజే వెళ్లండి. రసీదు అడిగి రాయించుకోండి. పదిహేనో భాగం మొన్న శుక్రవారం పెట్టాను. కొత్త తెర ఇంకా వేయించలేదు, వచ్చే వారం మళ్లీ అతని దగ్గరికే వెళతాను.