సివిలైజేషన్ 6: ఎక్కువ నగరాలా, పెద్ద నగరాలా? ఏది మేలు?

"నాలుగు నగరాలు చాలవా?" అని ఈ నెలలోనే నన్ను ముగ్గురు అడిగారు. ముగ్గురూ, సామ్రాజ్యాన్ని నిర్మించే ఈ కంప్యూటర్ ఆటలో ఐదో భాగం ఆడి వచ్చినవారే. అక్కడ ఆ లెక్క సరైనదే. బ్రేవ్ న్యూ వరల్డ్ అనే విస్తరణ ప్యాక్ వచ్చాక, మామూలు సైజు మ్యాపులో ప్రతి కొత్త నగరానికీ టెక్నాలజీల ఖర్చు 5 శాతం పెరిగేది. పైగా సామ్రాజ్యం మొత్తానికీ సంతోషం ఒకే ఖాతాలో ఉండేది. ఆరో భాగంలో ఆ రెండు శిక్షలూ లేవు, పాత అలవాటు మాత్రం మిగిలింది.

పెద్ద నగరాల వైపు న్యాయం లేకపోలేదు. కాపాడుకోవడం తేలిక, అద్భుత కట్టడాలు ఇతరులకంటే ముందే పూర్తవుతాయి. పింగళ అనే పాత్రను గవర్నర్‌గా పెట్టి పరిశోధకుడి ప్రమోషన్ ఇస్తే ఆ నగరంలో తలకొక సైన్స్ పాయింటు అదనంగా వస్తుంది. కానీ పింగళ ఒక్కడే, కూర్చునేదీ ఒక్క నగరంలోనే. రాజధానిని పెంచడానికి అది మంచి కారణం, మిగతా మూడింటినీ అలాగే పెంచడానికి కాదు. పెంచుదామన్నా హౌసింగ్ (ఎంతమందికి చోటుందన్న లెక్క) అడ్డుపడుతుంది: మంచినీళ్ల పక్కన 5, సముద్ర తీరాన 3, నీరే లేని చోట 2. ఆ గీత దగ్గరపడగానే ఎదుగుదల సగానికి పడిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. డిస్ట్రిక్టులు (నగరం చుట్టూ కట్టే ప్రత్యేక పేటలు) జనాభా 1 దగ్గర ఒకటి, 4 దగ్గర రెండు, 7 దగ్గర మూడు, 10 దగ్గర నాలుగు. అంటే పదిమంది ఉన్న నగరంలో నాలుగు డిస్ట్రిక్టులు, అందులో సైన్స్ ఇచ్చే క్యాంపస్ ఒక్కటే. నలుగురేసి ఉన్న రెండు చిన్న నగరాల్లోనూ నాలుగు డిస్ట్రిక్టులే, కానీ క్యాంపస్‌లు రెండు. ఎనిమిది మందితో అయిపోయింది! ఒక మనిషి ఇచ్చే సైన్స్ అర పాయింటు, క్యాంపస్‌లో కట్టే ఒక లైబ్రరీ ఇచ్చేది 2. నలుగురిని పెంచడానికి పట్టే కాలం ఎంతో, ఒక లైబ్రరీ కట్టడానికి పట్టే కాలం ఎంతో మీ ఆటలో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది.

అయితే నగరాల సంఖ్య కంటే వాటిని ఎప్పుడు స్థాపించామన్నదే నా దృష్టిలో ఆటను తేలుస్తుంది. డిస్ట్రిక్ట్ ఖర్చు 54 ప్రొడక్షన్ (నిర్మాణ శక్తి) దగ్గర మొదలై, మనం నేర్చుకున్న టెక్నాలజీలు, సివిక్స్ (సంస్కృతితో నేర్చే పద్ధతులు) పెరిగేకొద్దీ చివరికి పది రెట్లవుతుంది. మొన్నటి నా ఆటలో 60వ టర్న్‌కు ముందు పెట్టిన నగరానికి క్యాంపస్ వంద చిల్లరకే వచ్చింది. 140వ టర్న్‌లో పెట్టిన నగరానికి అదే క్యాంపస్ రెండు వందలు దాటింది. కొత్త ఊరికి టర్న్‌కు ఐదు ప్రొడక్షన్ వస్తే నలభై టర్న్‌లు! చుట్టూ అడవులుంటే నరికి కొంత గట్టెక్కవచ్చు, కానీ ప్రతి చోటా అడవి ఉండదు కదా.

అందుకే మొదటి వంద టర్న్‌లలోనే సెట్లర్ల (కొత్త నగరం స్థాపించే దళాల) పని ముగించాలని నేను గట్టిగా చెబుతాను. మొదటి సెట్లర్‌కు 80, ఆ తర్వాత ప్రతి దానికీ 30 చొప్పున పెరుగుతుంది కాబట్టి కాలనైజేషన్ అనే విధాన కార్డు పెట్టి 50 శాతం వేగంతో ఒకేసారి వరుసగా తీయాలి. ఆ కార్డునిచ్చే ఎర్లీ ఎంపైర్ అనే సివిక్‌కు మొత్తం జనాభా ఆరుకు చేరితే బూస్ట్ (తొందరగా నేర్చుకునే రాయితీ) వస్తుంది. ఇంకొక సంగతి: డిస్ట్రిక్ట్‌ను టైల్ (మ్యాపులో ఒక గడి) మీద పెట్టగానే దాని ఖర్చు అక్కడితో ఆగిపోతుంది. క్యాంపస్‌కు చోటు గుర్తించి, పునాది వేసి వదిలేసి, మళ్లీ సెట్లర్ వైపు తిరగండి. తర్వాత ఎన్ని టెక్నాలజీలు నేర్చినా ఆ ధర మారదు. నగరాల మధ్య మూడు టైళ్లు వదిలితే చాలు. ఒకదాని టైళ్లు ఇంకొకదానితో కలిసినా నష్టం లేదు, చిన్న నగరానికి ముప్ఫై ఆరు టైళ్లూ అక్కర్లేదు.

యుద్ధంతో విస్తరించడం మూడో దారి. పొరుగువాడు బలహీనుడై, మీ దగ్గర విలుకాండ్రు సిద్ధంగా ఉంటే సరే. లేదంటే సైన్యం మీద పెట్టిన ప్రొడక్షన్‌తో రెండు మూడు సెట్లర్లు వచ్చేవారు. నగర రాజ్యాలకు దూతలను పంపడం ఎలాగూ చేసేదే, అది విస్తరణకు బదులు కాదు.

ఇక 120వ టర్న్ దాటాక చేతిలో సెట్లర్ మిగిలితే? ప్రత్యర్థి పెద్ద నగరాలకు తొమ్మిది టైళ్లలోపు దించకండి, లాయల్టీ (ఆ నగరానికి మన పట్ల విధేయత) నిలవదు. మన దగ్గర లేని లగ్జరీ వనరు ఏదైనా ఉంటే దాని పక్కన దించండి. నేను అలా వజ్రాల పక్కన దించిన నగరంలో ఆట ముగిసేదాకా క్యాంపస్ పూర్తికాలేదు. కానీ ఆ వజ్రాలు నాలుగు నగరాలకు ఒక్కో అమెనిటీ (జనాన్ని సంతోషపెట్టే సౌకర్యం) ఇచ్చాయి, అందులో రాజధాని ఒకటి.