రక్తం తీసుకోకుండా వెనక్కి పంపిన బ్లడ్ బ్యాంక్‌కి నాలుగు స్టార్లు

బెంగళూరులో మారతహళ్ళి నుంచి జయనగర్ దాకా ట్రాఫిక్‌లో గంటన్నర పట్టింది, తీరా వెళ్తే మొదటిసారి రక్తం తీసుకోకుండానే పంపేశారు. చాలా కోపమొచ్చింది. ఇప్పుడు అందుకే మెచ్చుకుంటూ రాస్తున్నాను.

ఫారం ఇచ్చాక డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరికైనా జ్వరం, దద్దుర్లు ఉన్నాయా అని అడిగారు. ముందు వారం మా పాపకి ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు బుగ్గలు ఎర్రబడ్డాయని చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసి నెల తర్వాత రమ్మన్నారు. పార్వో బి19 వైరస్ కావచ్చట. దగ్గు తుంపర్లతో అంటుకుంటుంది, పెద్దవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ లేకుండానే రక్తంలో తిరుగుతుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఫర్వాలేదు గానీ గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకి, తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న పిల్లాడికి సోకితే వాడికి, కొత్త ఎర్రకణాలు తయారవడమే ఆగిపోవచ్చు. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి మందులు చేసేటప్పుడు వైరస్‌లని చంపడానికి వాడే సాల్వెంట్ డిటర్జెంట్‌కి కూడా ఇది లొంగదు, ఎందుకంటే దీనికి పైన కొవ్వు పొర లేదు.

మన దగ్గర ప్రతి యూనిట్‌కీ తప్పనిసరిగా చేసే పరీక్షలు హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకే. బి19 అందులో లేదు, అంటే ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే కాపలా.

ఇంటికొచ్చి చదివితే ఇంకా ఆశ్చర్యమేసింది. కోవిడ్ ఆంక్షలప్పుడు బడులు మూసి, మాస్కులు పెట్టుకున్న రోజుల్లో యూరప్, అమెరికా ప్లాస్మా దాతల్లో ఈ వైరస్ బాగా తగ్గిపోయింది, ఆంక్షలు పోయాక ఎగబాకింది. ఆ రెండు మూడేళ్లు తగలాల్సిన పిల్లలకి తగల్లేదు కదా, వాళ్లందరికీ ఒక్కసారిగా మొదలైంది. 2024 జూన్‌లో యూరప్, ఆగస్టులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థలు దీని గురించి హెచ్చరికలు ఇచ్చాయి. ఆ రోజుల్లో దాతల్లో హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి అంకెలు కూడా తగ్గినట్టు కనిపిస్తే మాత్రం అది మాస్కుల వల్ల అనుకోకూడదు, అవి మాస్కుతో ఆగేవి కావు, వాటి దారి వేరు. పైగా క్యాంపులు ఆగిపోతే కొత్త దాతలు తగ్గి, ఎప్పుడూ ఇచ్చేవాళ్లే మిగులుతారు, వాళ్లలో ఈ ఇన్ఫెక్షన్లు ఎలాగూ తక్కువ. కాబట్టి అంకె తగ్గిందనగానే జబ్బు తగ్గిందనుకోకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు అంతా సాఫీగా జరిగింది. వేలి నుంచి తీసిన చుక్క నీలం ద్రావణంలో వేస్తే నిలువుగా అడుక్కి దిగిపోయింది, హిమోగ్లోబిన్ సరిపోతుందని అర్థం. 350 మిల్లీలీటర్లు తీసుకున్నారు, సిస్టర్ సూది గుచ్చింది తెలియనే లేదు. తర్వాత ఫ్రూటీ, బిస్కెట్లు.

ఒక స్టార్ తగ్గించింది ఫారం కోసం. ఇంగ్లిష్, కన్నడల్లోనే ఉంది. నా పక్కన కూర్చున్న చిత్తూరు అబ్బాయి, బిల్డింగ్ పనికి వచ్చినవాడు, ప్రశ్నలు చదవకుండా అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టుకుంటూ పోతున్నాడు. నేను ఒక్కోటీ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పచ్చకామెర్ల దగ్గర ఆగి, “పోయినేడు వచ్చింది కదన్నా, అది కూడా చెప్పాలా?” అన్నాడు. తెలుగు, తమిళం ఫారాలు పెట్టమని కౌంటర్‌లో రాసిచ్చి వచ్చాను.