కయాక్‌లో అసలు చూడాల్సిన భాగాలు: కొన్నేళ్లు వాడాక పడవ మీద, తెడ్డు మీద నా సమీక్ష

కయాక్, అంటే రెండు కొసలా రేకులున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేవి పొడవు, బరువు, రంగు. కొన్నేళ్లు వాడిన తర్వాత నన్నడిగితే ముందు చూడమనేవి వేరు: పాదం ఎక్కడ ఆనుతోంది, తొడ ఎక్కడ తగులుతోంది, తెడ్డు గంటసేపు పట్టుకుంటే మణికట్టు ఏమంటోంది. పడవ మంచిచెడ్డలు మన ఒళ్లు దానికి తగిలే చోట్లలోనే తేలిపోతాయి. మిగతా భాగాలన్నీ ముఖ్యమే, కానీ వాటి వరస ఆ తర్వాతే.

నాది 4.3 మీటర్ల పొడవు, దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాలిథిలీన్ టూరింగ్ కయాక్. కాళ్లు లోపలికి చాపుకుని కూర్చునే రకం. ముందొకటి, వెనకొకటి సామాను అరలు, వెనక అడుగున స్కెగ్, అంటే దించుకుని ఎత్తుకునే చిన్న రెక్క. బరువు 25 కిలోలకు అటూ ఇటూ. తెడ్డు 220 సెంటీమీటర్లది, మధ్యలో ఊడదీసి రెండు ముక్కలు చేసుకోవచ్చు. షాఫ్ట్, అంటే పట్టుకునే కడ్డీ, కార్బన్; బ్లేడ్లు, అంటే కొసల్లోని రేకులు, ఫైబర్‌గ్లాస్. చెరువుల్లో, నిదానంగా పారే నదుల్లో, గాలి మరీ రేగని రోజుల్లో తీరం వెంబడి సముద్రంలో వాడాను. కంపెనీ పేర్లతో ఇక్కడ పని లేదు. ఈ భాగాలు ఏ కంపెనీ పడవలోనైనా ఉంటాయి, చూసే పద్ధతీ ఒకటే.

కాక్‌పిట్, అంటే మనం కూర్చునే గుంటతో మొదలుపెడతాను. లోపలికి దిగి కూర్చున్నాక అరికాలి ముందు భాగం పాదాల ఆసరాల, అంటే ఫుట్‌పెగ్‌ల, మీద ఆనాలి. మడమలు దగ్గరగా, మోకాళ్లు కాస్త వంగి పక్కలకు వాలి ఉండాలి. అప్పుడు తొడలు పైనున్న ఆసరాలకు, అంటే థై బ్రేస్‌లకు, తేలిగ్గా తగులుతాయి. కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడి పాదంతో పెగ్‌ను తొక్కుతాం. ఆ తోపుతో నడుము తిరుగుతుంది, నడుముతో పాటు భుజం, భుజంతో పాటు చెయ్యి. నీళ్లలో బ్లేడు కూడగట్టిన బలం పడవకు చేరే దారి కూడా ఆ పాదమే. పెగ్ ఒక్క గాడి దూరం జరిగి ఉన్నా మనిషి సీటులో ముందుకు జారుతుంటాడు, పనంతా చేతుల మీద పడుతుంది. చాలామంది భుజాల నొప్పి అంటే తెడ్డును తిడతారు గానీ, ముందు పెగ్‌లు సరిచూసుకోమని నా సలహా.

నా పడవలో ఈ పెగ్‌లు అల్యూమినియం పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతాయి. అమరిక బాగుంది. ఇబ్బందల్లా ఇసుకతోనే. పట్టా గాళ్లలో చేరిందంటే లాక్ సగమే పడుతుంది, గట్టిగా తొక్కగానే పెగ్ జారిపోతుంది. ఉప్పునీళ్లలోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ పట్టాలను మంచినీళ్లతో కడిగి, పెగ్‌లను చివరిదాకా ఓసారి జరిపి చూస్తే ఈ బాధ ఉండదు.

సీటు విషయంలో నాది గట్టి అభిప్రాయం. వీపు సగం దాకా ఎత్తుగా వచ్చే కుర్చీలాంటి ఆసరా కొనేటప్పుడు మహా సుఖంగా అనిపిస్తుంది. నీళ్లలోకి వెళ్లాక అదే నడుమును తిరగనివ్వదు. నడుముకు చుట్టుకుని కాక్‌పిట్‌ను మూసే స్ప్రే స్కర్ట్‌కు అడ్డం, బోల్తా పడ్డాక తిరిగి ఎక్కేటప్పుడూ అడ్డమే. నడుము కింది భాగానికి మాత్రమే ఆనుకునే బ్యాక్‌బ్యాండ్ వాడితేనే మేలు. నా పడవతో వచ్చిన బ్యాండ్ ఇప్పటికీ బాగుంది గానీ, దాన్ని బిగించే పట్టీ బకిల్ మాత్రం మార్చాల్సి వచ్చింది. పిరుదులకు ఇరుపక్కలా ఉన్న ఖాళీని ఫోమ్ ముక్కలతో నింపుకున్నాను. మరీ బిగుతుగా పెట్టకూడదు, పడవ తిరగబడితే కిందకు జారి బయటపడేంత వీలుండాలి. పక్కకు ఒరిగినప్పుడు మాత్రం పడవ నాతోపాటే ఒరగాలి.

ఈ ఒరగడం ఎంత ఉపయోగమో ఒకసారి చేసి చూస్తేనే తెలుస్తుంది. ఒళ్లు నిటారుగానే ఉంచి, ఎడమ మోకాలితో థై బ్రేస్‌ను పైకి నొక్కితే పడవ కుడి అంచు నీళ్లలోకి దిగుతుంది. ఆ వైపు నీళ్లను తాకే గీత వంపు తిరుగుతుంది, పడవ ముక్కు ఎడమకు మళ్లుతుంది. అంటే కుడికి ఒరిగితే ఎడమకు తిరుగుతుంది. 4 మీటర్లు దాటిన పడవను తెడ్డు ఒక్కదానితో తిప్పాలంటే చేతులు పడిపోతాయి, మోకాలు కలిస్తే రెండు మూడు సార్లు తెడ్డు వేస్తే పని అయిపోతుంది. థై బ్రేస్ సరిగ్గా అమరని పడవలో ఇది సాధ్యం కాదు.

ఈ సంగతి కయాక్‌ను పుట్టించినవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆర్కిటిక్ ప్రాంతపు వేటగాళ్లు కొట్టుకొచ్చిన చెక్కతో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం కుట్టి కయాక్‌లు చేసుకునేవారు. కొలబద్ద వాళ్ల ఒళ్లే. గ్రీన్‌లాండ్ పడవల్లో బాగా ప్రచారంలో ఉన్న కొలత ప్రకారం పొడవు బారకు మూడింతలు, వెడల్పు తుంటి వెడల్పు కంటే రెండు పిడికిళ్లు ఎక్కువ. ఎవరి పడవ వాళ్లకే సరిపోయేది. అచ్చులో పోసి తీసిన మన ప్లాస్టిక్ పడవల్లో ఆ కొలతను ఫోమ్ ముక్కలతో, పెగ్‌ల గాళ్లతో మనమే తెచ్చుకోవాలి.

అడుగు భాగం, అంటే హల్, గురించి క్లుప్తంగా చెబుతాను. పడవను చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూస్తే రెండు కొసలూ నేల నుంచి ఎంత లేచాయో కనిపిస్తుంది. ఆ వంపును రాకర్ అంటారు. ఎక్కువుంటే తేలిగ్గా తిరుగుతుంది, తక్కువుంటే తిన్నగా పోతుంది. పక్కగోడ అడుగును కలిసే అంచు చైన్. అది గుండ్రంగా ఉంటే ఒరగడం మెత్తగా సాగుతుంది, కోసుగా ఉంటే ఒక కోణం దగ్గర ఆగి నిలబడినట్టు తెలుస్తుంది. నాది ఆ రెంటికీ మధ్యరకం, నా వాడకానికి చాలు. పాలిథిలీన్ గీతలు పడుతుందే తప్ప తొందరగా పగలదు, రాళ్ల ఒడ్డు మీద దించినా దిగులుండదు. ఎండకే అది లొంగుతుంది. ఎండలో వాహనం మీద పట్టీలు బిగించి కట్టి వదిలేస్తే అడుగు లోపలికి సొట్ట పోతుంది. మళ్లీ ఎండలో వదులుగా ఉంచితే చాలావరకు తిరిగొస్తుంది, పూర్తిగా రాకపోనూవచ్చు. దాచేటప్పుడు నీడలో, పక్కవాటుగా గానీ బోర్లా గానీ పెట్టడమే మంచిది. రెండు కొసల పిడులకు తాళ్లు వేసి వేలాడదీస్తే పడవ నడుము కుంగుతుంది.

ప్రాణానికి సంబంధించిన భాగం బల్క్‌హెడ్. పడవ లోపల కాళ్ల ముందొకటి, సీటు వెనకొకటి అడ్డుగోడలుంటాయి. వీటివల్లే ముందూ వెనకా అరల్లో గాలి నిలుస్తుంది. కాక్‌పిట్ నీళ్లతో నిండినా పడవ సమంగా తేలుతుంది, మనం ఎక్కి నీళ్లు తోడిపోసుకోవచ్చు. ఒక్క గోడ మాత్రమే ఉన్న చిన్న రకాల్లో నీళ్లు చేరితే రెండో కొస మునుగుతుంది. అలాంటి దానితో లోతు నీళ్లకు వెళ్లాలంటే ఆ కొసలో గాలి సంచి పెట్టుకోవాలి.

నా పడవలో ఈ గోడలు మందపాటి ఫోమ్‌వి, అంచుల చుట్టూ సీలెంట్ పూసి బిగించారు. పాలిథిలీన్‌కు ఏ జిగురూ గట్టిగా అంటదు. కొంతకాలానికి వెనక గోడ అంచు విడిచింది, సామాను అరలో తడి కనిపించడం మొదలైంది. పరీక్ష సులువే. పడవను నేల మీద సమంగా పెట్టి, కాక్‌పిట్‌లో నీళ్లు పోసి, అర మూత తీసి చేత్తో తడిమి చూడాలి. పాత సీలెంట్ గీకేసి, బాగా ఆరనిచ్చి, సాగే గుణమున్న మెరైన్ సీలెంట్ మళ్లీ పూశాను. అప్పటినుంచి చుక్క లోపలికి రాలేదు. కొన్ని పడవల్లో ఈ గోడకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. దాన్ని మాత్రం లోపమనుకుని మూసేయకండి. ఎండకు వేడెక్కిన పడవను చల్లటి నీళ్లలోకి దించితే అరలో గాలి కుంచించుకుపోయి అర మూతను లోపలికి పీల్చేస్తుంది. ఆ ఒత్తిడిని సమం చేయడానికే ఆ రంధ్రం. నా పడవలో అది లేదు కాబట్టి, నీళ్లలోకి దించాక ఓసారి మూత అంచు ఎత్తి మళ్లీ మూస్తాను. ఆ రబ్బరు మూతలు ఎండకు బీటలిస్తాయి, ఏటా చూసుకోవాలి.

కాక్‌పిట్ చుట్టూ పైకి లేచి ఉండే అంచు కోమింగ్. స్ప్రే స్కర్ట్ దాని మీదే పడుతుంది, జాడీకి వాసెన కట్టినట్టు. స్కర్ట్ కొలత మనిషి నడుముకూ ఈ అంచుకూ రెండింటికీ సరిపోవాలి. ముందుభాగంలో ఉండే లాగుడు పట్టీ ఎప్పుడూ బయటే ఉండాలి. బోల్తా పడితే స్కర్ట్ ఊడదీసుకునేది దానితోనే. అది లోపల చిక్కుకుపోకుండా చూసుకోకుండా నేను ఒడ్డు వదలను.

స్కెగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది దీన్ని చుక్కాని అనుకుంటారు. చుక్కాని పక్కలకు తిరుగుతుంది, పడవను మళ్లిస్తుంది. స్కెగ్ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. పక్కగాలిలో సాగే కయాక్ ముక్కు తనంతట తానే గాలివైపు తిరుగుతుంటుంది. ముందుకు పోయేటప్పుడు ముక్కు దగ్గర నీటి ఒత్తిడి ఎక్కువగా ఉండి అది నిలకడగా ఉంటుంది, వెనక కొసకు ఆ పట్టు లేదు కాబట్టి గాలి దాన్ని నెట్టేస్తుంది. స్కెగ్ దించితే వెనక కొసకూ పట్టు దొరుకుతుంది. పూర్తిగా దించితే ముక్కు గాలికి ఎదురు తిరగడం మానేసి గాలి పోయేవైపు మళ్లుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో పడవ తిన్నగా సాగే చోటుంటుంది. కాక్‌పిట్ పక్కనున్న మీట కొంచెం కొంచెం జరుపుతూ పోతే, ఒకేవైపు తెడ్డు వేయాల్సిన అవసరం తగ్గిపోయే క్షణం చేతులకే తెలుస్తుంది.

దీని లోపం కూడా చెప్పాలి. గులకరాళ్ల ఒడ్డు నుంచి దించితే చిన్న రాయి స్కెగ్ గూట్లో ఇరుక్కుంటుంది, ఇక మీట ఎంత జరిపినా దిగదు. బలవంతం చేస్తే లోపలి తీగ వంగిపోతుంది. స్కెగ్ కొసకు చిన్న రంధ్రం చేసి తాడు ముక్క కట్టుకుంటే పక్క పడవలో ఉన్నవాళ్లు లాగి విడిపించగలరు. చుక్కాని ఉన్న పడవ కొనేవాళ్లు దాని పెడల్‌లను చూడాలి. పెడల్ మొత్తం ముందుకూ వెనక్కూ జారే రకమైతే పాదానికి గట్టి ఆసరా ఉండదు. పెడల్ కింది భాగం కదలకుండా, వేళ్ల దగ్గర మాత్రమే వంగే రకం మేలు.

ఇక తెడ్డు. డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలంటే పడవలో తగ్గించుకోండి, తెడ్డులో వద్దు. నిమిషానికి 50 సార్లు తెడ్డు వేస్తే గంటకు 3000 సార్లు అవుతుంది. అల్యూమినియం షాఫ్ట్, ప్లాస్టిక్ బ్లేడ్లతో ఉన్న నా మొదటి తెడ్డుకూ ఇప్పటిదానికీ తేడా 300 గ్రాములు. గంటలో అది 900 కిలోలు అదనంగా ఎత్తినట్టు లెక్క. సాయంత్రానికి ఆ తేడా ఎక్కడికి చేరుతుందో భుజాలే చెబుతాయి.

బ్లేడును దగ్గరగా చూడండి. రెండు అంచుల పొడవూ ఒకటి కాదు, కింది అంచు పొట్టిగా కోసి ఉంటుంది. తెడ్డు నీళ్లలోకి వాలుగా దిగుతుంది కాబట్టి, ఆ కోత వల్లే షాఫ్ట్‌కు రెండువైపులా సమానమైన విస్తీర్ణం నీళ్లలో ఉంటుంది. లోపలికి గుంటగా ఉన్న ముఖం మనవైపు ఉండాలి, నీళ్లను పట్టేది అదే. ఆ ముఖం మధ్యలో సన్నటి గట్టు ఉంటే నీళ్లు రెండువైపులా చీలిపోతాయి, లాగేటప్పుడు బ్లేడు అటూ ఇటూ వణకదు. బ్లేడును పాదాల పక్కన పూర్తిగా ముంచి, తుంటి దగ్గరకు రాగానే తీసేయాలి. అంతకంటే వెనక్కి లాగితే నీళ్లను ఎత్తిపోయడమే, పడవ ముందుకు పోదు.

బ్లేడ్లు రెండూ ఒకే తలంలో ఉండాలా, ఒకదానికొకటి కోణంలో ఉండాలా అన్నది ఫెదర్ కోణం. ఎదురుగాలిలో గాల్లో ఉన్న బ్లేడు గాలిని కోసుకుంటూ పోవడానికి కోణం పెడతారు. 60 డిగ్రీలు పెట్టి వాడితే నా కుడి మణికట్టు నొచ్చింది. 30 దగ్గర ఆగాను, గాలి లేనప్పుడు సున్నా. ఇది ఎవరి మణికట్టుకు వాళ్లు తేల్చుకోవాల్సిందే. పొడవు కూడా అంతే. పడవ వెడల్పు, కూర్చున్నప్పుడు మనిషి ఎత్తు, తెడ్డు వేసే తీరు, మూడూ చూడాలి. నిటారుగా, వడిగా వేసేవాళ్లకు 210 చుట్టుపక్కల పొట్టి తెడ్డు, వెడల్పు బ్లేడు సరిపోతాయి. నాలా వాలుగా, నిదానంగా వేసేవాళ్లకు 220, సన్నటి బ్లేడు. 70 సెంటీమీటర్లు దాటిన వెడల్పు పడవల్లో 230 నుంచి 240 దాకా కావాలి, లేకపోతే వేళ్లు పడవ అంచుకు కొట్టుకుంటాయి.

షాఫ్ట్ మీదుండే రబ్బరు డ్రిప్ రింగులు చేతుల మీదకు కారే నీళ్లను ఆపుతాయి. అవి బ్లేడుకు మరీ దగ్గరగా ఉండి నీళ్లలో మునిగితే ప్రయోజనం లేదు, చేతివైపు కాస్త జరుపుకోవాలి.

తెడ్డులో ముందుగా అరిగేది మధ్యలోని అతుకు, ఫెర్రుల్. వాడిన ప్రతిసారీ ఊడదీసి కడగకపోతే ఉప్పు, ఇసుక కలిసి రెండు సగాలనూ పట్టేస్తాయి. నూనె, గ్రీజు పూయకూడదు, ఇసుక ఇంకా అంటుకుంటుంది. ఎంత జాగ్రత్తగా చూసినా నా తెడ్డు అతుకులో ఇప్పుడు కొంచెం వదులొచ్చింది, బలంగా లాగినప్పుడు టిక్కుమన్న చప్పుడు అరచేతికి తెలుస్తోంది. ఇంకొంతకాలం నడుస్తుంది. దీన్ని మార్చేటప్పుడు కోణంతో పాటు పొడవును కూడా పది సెంటీమీటర్ల మేర సర్దుకోగల ఫెర్రుల్ ఉన్నదే తీసుకుంటాను. పాతదాన్ని రెండు ముక్కలుగా వెనక డెక్ మీద బంజీ తాళ్ల కింద, చెయ్యి వెనక్కి చాపితే అందేలా, అత్యవసరానికి పెట్టుకుంటాను.