మోకాలి లిగమెంట్ తెగినవాళ్లు దయచేసి ఆ 90 రోజుల కోర్సు కొనకండి

ఆ కోర్సు అమ్మినాయన నిన్న రాత్రి నన్ను బ్లాక్ చేశాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదు. మోకాలి నొప్పి అని ఒక్కసారి వెతికితే చాలు, ఇక రోజూ ఆయన వీడియోలే. నూనె, క్యాప్సూల్స్, మోకాలికి తొడుక్కునే పట్టీ, అదీ కోర్సు.

వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు నా మోకాలు మెలిక పడింది. రెండు గంటల్లో బాగా వాచిపోయింది. ఎంఆర్ఐ తీస్తే ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) పూర్తిగా తెగిందని, మెనిస్కస్‌లో (ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిన్న చీలిక ఉందని వచ్చింది. ముందు ఫిజియోథెరపీ చేసి, తర్వాత ఆపరేషన్ సంగతి చూద్దామన్నారు డాక్టర్ గారు. నేను లేచి వచ్చేటప్పుడు ఇంకో మాట చెప్పారు. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లలో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో ఆ మోకాలిలో గుజ్జు, అంటే ఎముకల చివర్లని కప్పే నున్నటి పొర, అరుగుదల కనిపిస్తుందట. ఆపరేషన్ చేయించుకున్నా ఆ ముప్పు పూర్తిగా పోదట. నాకిప్పుడు 29. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ టెన్షన్‌లోనే ఆయన వీడియో చూసి ఫోన్ చేశాను.

ఎంత ఆప్యాయంగా మాట్లాడాడో! "మీరు నా చెల్లెలి లాంటివాళ్లమ్మా. లిగమెంట్ అతుక్కుంటుంది, గుజ్జు పెరుగుతుంది, జన్మలో అరుగుదల రాదు. కావాలంటే రాసిస్తాను" అన్నాడు. కోర్సు అయ్యేదాకా వ్యాయామం చేయకూడదని, కాలు కదిలిస్తే మందు పట్టదని కూడా చెప్పాడు. నేను ఫిజియో మానేశాను. డాక్టర్ని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

మూడు వారాలకి వాపు తగ్గింది. నూనె మహిమ అనుకుని ఇంకో ఇద్దరికి కూడా చెప్పాను, వాళ్లకి క్షమాపణ చెప్పుకోవాలి. దెబ్బ వాపు నూనె రాసినా రాయకపోయినా కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుందని ఇప్పుడు ఫిజియో మేడమ్ చెప్తే తెలిసింది. పైకి తగ్గినంత మాత్రాన లోపల అంతా సర్దుకున్నట్టు కాదు. లిగమెంట్ తెగినప్పుడు కీలులో రక్తం చేరుతుంది, లోపలి పొర వాస్తుంది, ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు పెంచే పదార్థాలు కీలు నీటిలో పెరుగుతాయి. వాటి వల్ల గుజ్జును కొరికే ఎంజైములు బయల్దేరతాయి. గుజ్జుకి రక్తనాళాలు లేవు కాబట్టి పాడైంది సరిగా బాగుపడదు. నరాలూ లేవు కాబట్టి అరుగుతున్న సంగతి చాలాకాలం మనకి తెలియను కూడా తెలియదు. అన్నిటికంటే నన్ను ఏడిపించింది తొడ సంగతి. కీలు వాచి ఉంటే తొడ ముందు కండరం సరిగా బిగుసుకోదట, పని చేయించకపోతే చిక్కిపోతుందట. మేడమ్ టేపు పెట్టి కొలిస్తే రెండో కాలికంటే 3 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. మోకాలిని పట్టి నిలబెట్టాల్సిన కండరం అది.

83వ రోజున మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోయింది. మళ్లీ వాపు. మళ్లీ ఎంఆర్ఐ. మెనిస్కస్ చీలిక పెద్దదైంది. లిగమెంట్ తెగినది తెగినట్టే ఉంది.

రిపోర్టు పంపి ఫోన్ చేశాను. ఎత్తాడు. పేరు చెప్పగానే గొంతు మారిపోయింది. "మీరే సరిగ్గా వాడి ఉండరు" అన్నాడు. పూటపూటకీ రాసుకున్న పుస్తకం ఉంది సార్ అన్నాను. "అసలు మీరు ముందే పాడుచేసుకొచ్చిన మోకాలు, తెచ్చి మా మీద రుద్దుతారేంటి?" అన్నాడు. రాసిస్తానన్నారు కదా అని అడిగితే, "అదేదో మాటవరసకి అంటాం. నమ్మమని మీ చెయ్యి పట్టుకున్నానా?" అన్నాడు. సరిగ్గా ఇవే మాటలు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. నేను ఏదో అనబోయేలోపు పెట్టేశాడు. చెల్లెలు అన్న నోటితోనే అన్నాడు ఆ మాట. డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు, ఆ నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు.

క్యాప్సూల్స్ సీసా మీద రాసిన గ్లూకోజమైన్ అనే పదార్థం గురించి కూడా చదివాను. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే నొప్పి తగ్గించడంలో అది మొత్తం మీద మెరుగ్గా తేలలేదు. దెబ్బ తర్వాత వచ్చే అరుగుదలను ఆపుతుందని రుజువైన మందు ఇప్పటికైతే ఏదీ లేదు. ఉందని ఎవరు చెప్పినా అక్కడే ఫోన్ పెట్టేయండి.

ఫిజియో మానకండి. బరువు పెరగనివ్వకండి. ఏదైనా క్యాప్సూల్ మింగితే రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషపడకుండా డాక్టర్‌కి చూపించండి. కొన్ని కీళ్ల సప్లిమెంట్లలో లేబుల్ మీద చెప్పకుండా డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. అలాంటిది చాలా రోజులు వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టర్‌ని అడిగే ఆపండి.

ఆర్డర్ పెట్టి పార్శిల్ కోసం చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేయండి. డెలివరీ అయ్యాక రిటర్న్ తీసుకోరు, నేను అడిగి చూశాను.