బతుకమ్మ పట్టే డిక్కీ: పదో ఏట ఎస్-క్రాస్

మా బండి 2016 మోడల్ మారుతి ఎస్-క్రాస్ కారు. 1.3 డీజిల్, మాన్యువల్ గేర్లు. మీటరు 1,12,000 దాటింది. అందులో సగం తార్నాక నుంచి కోఠీకి నా కాలేజీ తిరుగుడు, మిగతా సగం సూర్యాపేట దగ్గర అత్తగారి ఊరు. ఇన్నేళ్లలో ఈ బండిని చూసి జనం అన్న మాటలు ఎన్నిసార్లు మారాయో లెక్కపెడితే నవ్వొస్తుంది. మైలేజీ సంగతితో పాటు ఆ మాటలు కూడా రాస్తాను.

అసలు కథ దీనికి ముందున్న బండితో మొదలవుతుంది. 2005లో మామయ్య టాటా ఇండిగో మెరీనా కొన్నారు. అది స్టేషన్ వాగన్, అంటే పైకప్పు వెనక తలుపు దాకా సాగిన కారు. ఆ పేరు మా గల్లీలో ఎవరికీ తెలియదు. బండి ఇంటికొచ్చిన రోజు అత్తమ్మ తమ్ముడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏం బావా, గిది కారా, అంబులెన్సా?" అన్నాడు. మామయ్య ఏమీ అనలేదు. వారం తిరక్కుండానే ఆ తమ్ముడే అదే బండిలో రెండు యూరియా బస్తాలు వేసుకుని ఊరికి పోయాడనుకోండి, అది వేరే సంగతి.

అప్పట్లో కారంటే సెడాన్, వెనక డిక్కీ విడిగా, పొడుచుకొచ్చినట్టు కనబడాలి. అలా ఉంటేనే ఓనర్ బండి. పైకప్పు తోకదాకా సాగితే సామాన్ల బండి, లేదంటే శవాల బండి. టాటా వాళ్ల వాగన్ ఎస్టేట్ 1992లో వచ్చింది. తర్వాత బాలెనో ఆల్టురా, కోర్సా స్వింగ్, ఆక్టావియా కాంబీ అనే వాగన్లు ఒక్కొక్కటిగా వచ్చాయి, పోయాయి. ఏదీ నిలదొక్కుకోలేదు.

దానికి తోడు 2006 బడ్జెట్ వచ్చింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపుంటే ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి దిగింది. ఆ లెక్క కోసం 2008లో ఇండిగో సెడాన్ తోక కత్తిరించుకుని సీఎస్ అనే పేరుతో వచ్చింది. సెడాన్ తోక పోయినా సెడాన్‌లాగే చలామణీ అవుతుంది. వాగన్‌కి తోక తీసేస్తే మిగిలేది మామూలు హ్యాచ్‌బ్యాకే. మన దగ్గర వాగన్‌ని జనం వద్దన్నారంటారు గానీ, పన్ను కూడా ఒక చెయ్యి వేసిందని నా అభిప్రాయం.

మెరీనాకి వయసు మీదపడ్డాక 2016లో కొత్త బండి వెతికాం. అందరి నోటా ఎస్‌యూవీలే, క్రెటా, అప్పుడే వచ్చిన బ్రెజా. ఎస్-క్రాస్ అంటే మా కొలీగ్స్ మొహం చిట్లించారు. "ఎస్‌యూవీ డబ్బులు పెట్టి సాగదీసిన బాలెనో హ్యాచ్‌బ్యాక్ కొంటారా?" అని ఒకాయన. ఆయన చూపులో తప్పేం లేదు. 4.3 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల లోపు ఎత్తు. నిలువుగా కంటే అడ్డంగా కనబడే బండి. నన్నడిగితే అది క్రాసోవర్ (కారుకీ ఎస్‌యూవీకీ మధ్య రకం) అని పేరు పెట్టుకున్న వాగన్. ఆ జనవరిలో ధర తగ్గించడం కూడా మాకు కలిసొచ్చింది.

నిర్ణయం మాత్రం అత్తమ్మ మోకాళ్లది. మెరీనాలో ఆమె కూర్చోవడం అంటే గోతిలోకి దిగడమే. ఎత్తు బండ్లు చూపిస్తే పైన హ్యాండిల్ పట్టుకుని, ఒక కాలు పెట్టి, "నాతోని కాదు బిడ్డా" అని దిగిపోయేది. ఎస్-క్రాస్ సీటు ఆమె నడుముకి సరిగ్గా అందింది. ముందు పక్కకి తిరిగి కూర్చుంటుంది, తర్వాత రెండు కాళ్లు కలిపి లోపలికి తిప్పుకుంటుంది. ఇప్పుడు ఆమెకి 78. ఇప్పటికీ అదే పద్ధతి, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. జనం సెడాన్లు వదిలి ఎత్తు బండ్లకి ఎందుకు ఎగబడ్డారంటే హోదా కోసమని అంటారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అసలు కారణం వాళ్లే చెబుతారు.

చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ పట్టీని మొదట్లో నేనూ వేషం అనుకున్నాను. సుల్తాన్ బజార్ దగ్గర ఒక ఆటో తలుపు పొడుగునా రాసుకుంటూ పోయినప్పుడు గీత ఆ ప్లాస్టిక్ మీద పడింది గానీ పెయింట్ మీద పడలేదు. ఆ రోజు నుంచి దాని మీద గౌరవం. ఏ బండిదైనా నల్ల ప్లాస్టిక్ మన ఎండకి కొన్నేళ్లకి బూడిదరంగుకి తిరుగుతుంది, మాదీ తిరిగింది. మా వాచ్‌మన్ ప్రేమకొద్దీ కొబ్బరినూనె రుద్దాడు. రెండు రోజులు నిగనిగలాడింది. మూడో రోజుకి తార్నాక దుమ్మంతా దాని మీదే.

నడపడం గురించి చెప్పాలంటే, రెండు వేల ఆర్‌పీఎం దాటాకే ఈ ఇంజిన్ ఒళ్లు విరుచుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సెకండ్‌కి దింపాల్సిందే. విజయవాడ హైవే మీద ఎక్కితే మాత్రం దిగబుద్ధి కాదు. బండి నేలకి దగ్గరగా ఉన్నట్టే ఉంటుంది, మలుపుల్లో ఒరగదు. సిటీలో లీటరుకి 16, హైవే మీద 21 దాకా ఇస్తోంది. 80 వేల దగ్గర క్లచ్ మార్చాం, టైర్లు ఒకసారి మార్చాం. 180 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఒక్కటీ తగల్లేదు. ఈ వాక్యం విలువ హైదరాబాద్ వాళ్లకే తెలుసు.

2017 చివర్లో ఎస్-క్రాస్ మొహం మార్చారు. నిలువు క్రోమ్ పట్టీల గ్రిల్, ఎత్తిన బానెట్. ఒక్క రోజులో మాది "పాత మోడల్" అయిపోయింది. సీటు కవర్లకి వెళ్తే షాపతను కొత్త గ్రిల్ లాంటిది తగిలిస్తానన్నాడు. వద్దన్నాను. పాత మొహానికి కోపం లేదు, అదే నాకు నచ్చింది. ఇప్పుడు రోడ్డు మీద ప్రతి బండీ ఎవరినో కొట్టబోతున్నట్టే చూస్తుంది. 2020 అక్టోబర్ నాటి హైదరాబాద్ వరదల తర్వాతైతే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సెడాన్లు ఒక్కొక్కటిగా మాయమై, వాటి జాగాలోకి ఎత్తు బండ్లు వచ్చాయి.

ఇక డిక్కీ. కాగితం మీద 353 లీటర్లు. నా కొలత వేరే: సద్దుల బతుకమ్మ. గునుగు, తంగేడు, బంతి పూలతో వరుసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెడితే మా ఇంటి బతుకమ్మ రెండడుగులు దాటుతుంది. మెరీనా వెనక తలుపు దాదాపు నిటారు, తాంబాలం అలా తోసి తలుపు వేస్తే చాలు. ఎస్-క్రాస్‌లో పార్సిల్ ట్రే తీసేసి పెట్టాం. వాలిన అద్దం దిగుతూ గౌరమ్మని తాకింది, లోపలివైపు అద్దం మీద పసుపు చుక్క పడింది. మరుసటి ఏడు ఉపాయం దొరికింది. వెనక సీటులో పెద్ద భాగం మడిచి, తాంబాలాన్ని ముందుకి జరిపి, మిగిలిన సీటులో మా అమ్మాయిని కూర్చోబెట్టాం. ట్యాంక్‌బండ్ దాకా అది బతుకమ్మని రెండు చేతులా పట్టుకుంటుంది, నేను సెకండ్ గేర్ దాటను.

ఇప్పుడు వాలు పైకప్పుల రోజులు. 2024లో వచ్చిన కర్వ్, బసాల్ట్ చూడండి, ఎత్తు ఎస్‌యూవీది, వీపు మాత్రం కూపే కారులా వెనక్కి వాలినది. మరోపక్క పెట్టెలాంటి బండ్లూ తిరిగొస్తున్నాయి. 1991 నాటి టాటా సియెర్రా పేరు 2025 నవంబర్‌లో మళ్లీ వచ్చింది. దాని తోబుట్టువు ఎస్టేట్‌ని మాత్రం ఎవరూ తలుచుకోలేదు. వాగన్‌ని కాస్త పైకెత్తి 1990లలోనే అమెరికాలో హిట్ కొట్టిన సుబారు అవుట్‌బ్యాక్ కూడా 2025లో చూపించిన కొత్త రూపంలో నిటారు ఎస్‌యూవీ అయిపోయింది. అక్కడా అంతే.

పోయిన నెల అమ్మాయి పోరు పడలేక ఒక షోరూమ్‌కి వెళ్లాం. దానికి వాలు కప్పు బండి తెగ నచ్చింది, పక్కనుంచి చూస్తే నిజంగానే అందంగా ఉంది. నేను బ్యాగులోంచి టేపు తీసి డిక్కీ అంచు నుంచి అద్దం దాకా కొలిచాను. సేల్స్ అబ్బాయి ఎందుకని అడిగితే బతుకమ్మ సంగతి చెప్పాను. కాసేపు సీరియస్‌గా ఆలోచించి, "మధ్య సీటులో పెట్టి సన్‌రూఫ్ తెరవండి మేడమ్, గౌరమ్మ పైకొస్తుంది" అన్నాడు. అమ్మాయి పడీపడీ నవ్వింది.

తిరిగొస్తూ మా ఎస్-క్రాస్‌కి నాలుగు కొత్త టైర్లకి అడ్వాన్స్ ఇచ్చాను.