ఫోర్త్ ఆర్: ఉపన్యాసం తక్కువ, సాధన ఎక్కువ

ప్రేమ సంబంధాల్లో ఒత్తిడిని, హింసని ఎదుర్కోవడం నేర్పే ఫోర్త్ ఆర్ కెనడా బళ్లలో పుట్టిన పాఠ్యక్రమం, 14, 15 ఏళ్ల పిల్లల కోసం. చదవడం, రాయడం, లెక్కలు కలిపి ఇంగ్లిష్‌లో మూడు 'ఆర్'లంటారు; వాటి తర్వాత నాలుగో 'ఆర్' రిలేషన్‌షిప్స్ (సంబంధాలు), పేరు అందుకే. మొత్తం 21 పాఠాలు, ఒక్కోటి 75 నిమిషాలు.

దీని బలమంతా రోల్‌ప్లేలో, అంటే పాత్రలు పోషిస్తూ మాట్లాడి చూడటంలో ఉంది. ఒత్తిడి ఎదురైనప్పుడు వాయిదా వేయడం, కాదనడం, మధ్యేమార్గం మాట్లాడుకోవడం సాధన చేయిస్తారు. ఉదాహరణకి "ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వట్లేదంటే నామీద నమ్మకం లేనట్టేగా" అని అవతలివాళ్లు నిలదీస్తే, "నమ్మకం ఉంది, పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వను" అనాలి. చదివితే వచ్చే మాట కాదిది, నాలుగైదుసార్లు నోరు తిరగాలి.

టైమ్ చాలట్లేదని టీచర్ రోల్‌ప్లే కుదించి ఉపన్యాసం అందుకుంటే మొత్తం చెడినట్టే. క్లాసు ముందు నిలబెడితే పిల్లలు సిగ్గుతో నవ్వులాటలోకి దింపేస్తారు (ఏ పిల్లలైనా అంతే). చిన్న గుంపుల్లో చేయించడమే మేలు.

20 బళ్లలో 1,722 మందిపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రెండున్నరేళ్ల తర్వాత, ప్రేమించినవాళ్లపై చెయ్యి చేసుకున్నామన్నవాళ్లు మామూలు బళ్లలో 9.8 శాతం, ఇది నేర్పిన బళ్లలో 7.4 శాతం. ఆ తేడా అబ్బాయిల్లోనే కనిపించింది, అమ్మాయిల్లో దాదాపు లేదు. దీన్ని చిన్న లోపమని కొట్టిపారేయలేం.